రోజూ మార్చిన నీళ్ళు

మైనం మాస్టారు అనే పేరు తనకు ఎవరు పెట్టారో ఆయనకే గుర్తులేదు. కాగితాల్లో ఆయన హోదా వేరే ఉంది గానీ, ఆ వైద్య పరిశోధనాలయంలో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆయన మైనం మాస్టారే. రోగి ఒంట్లోంచి తీసిన కండ ముక్క, గోరంతది, మందునీళ్ళ సీసాలో ఆయన బల్ల మీదికి వచ్చేది. దాన్ని కరిగిన మైనంలో ఉంచి దిమ్మ కట్టి, చల్లారాక కోత మిషనుకు బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసేవారు. పొరలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి రిబ్బనులా సాగి వచ్చేవి. వాటిని కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో వదిలితే ముడతలు విప్పుకుని నీటి మీద పరుచుకునేవి. కిందనుంచి గాజు పలక పెట్టి అందుకుంటే స్లైడు తయారు. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాలి. ఒక్క తుమ్ము వచ్చిందంటే పొద్దుటి పనంతా గాల్లో కలిసేది.

ఆ తొట్టి విషయంలో ఆయనకు కాస్త చాదస్తం. నిలవ నీళ్ళలో కంటికి కనిపించని క్రిములు పెరుగుతాయి. అవి పొరలకు అంటుకున్నాయంటే, మైక్రోస్కోపులో చూసేవాళ్ళు అవి రోగి ఒంట్లోవే అనుకుంటారు. అందుకని రోజూ పొద్దున్నే, కోటు గుండీలైనా పెట్టుకోకముందే తొట్టి ఒంపి, తోమి, కొత్త నీళ్ళు పోసేవారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం అదే. "మన తొట్టి మురికి తీసుకెళ్ళి రోగి నెత్తిన రుద్దకూడదర్రా" అనేవారు.

ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు ఆ పరిశోధనాలయానికి ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అప్పటికి డైరెక్టరుగా ఉన్న పెద్ద డాక్టరు తన జీవితమంతా ఒకే జబ్బు మీద ధారపోశారు. పాతికా ముప్పై ఏళ్ళ మనుషులకు చెప్పాపెట్టకుండా కిడ్నీలు చెడిపోయే జబ్బది. అది వంశంలోంచి వస్తుందని పెద్ద డాక్టరు సిద్ధాంతం. కుటుంబాలకు కుటుంబాల వంశవృక్షాలు గీయించి గోడలకు అంటించారు. చిన్న డాక్టరమ్మకు అప్పజెప్పిన పని, ఆ రోగుల కిడ్నీ ముక్కల్లో ఏయే గొట్టాలు ఎంత దెబ్బతిన్నాయో లెక్కగట్టడం.

మిగతా డాక్టర్లు స్లైడ్లు కావాలంటే చీటీ పంపేవారు. ఈవిడ వచ్చి మాస్టారి పక్కన స్టూలు లాక్కుని కూర్చునేది. కోత నేర్పమంది. మొదటి వారం కోసిన పొరలన్నీ చింకిపాతల్లా వచ్చాయి. మాస్టారు నవ్వకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డారు. మూడో వారానికి ఒక మంచి రిబ్బను తీసింది. ఆ రోజంతా కనిపించిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించింది.

ఒకరోజు, పొరలకు వేసే మామూలు రంగులో గొట్టాలు సరిగ్గా తేలటం లేదని, వెండి కలిసిన రంగు వేసి ఇమ్మని అడిగింది. వేసి ఇచ్చారు. గంట తరవాత ఆవిడ తన గది గుమ్మంలోకి వచ్చి మాస్టారిని పిలిచింది. తన కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోమంది. పదమూడేళ్ళ సర్వీసులో ఒక డాక్టరు తన కుర్చీ ఆయనకు ఇవ్వడం అదే మొదలు.

"చూసి చెప్పండి మాస్టారూ. మీకేం కనిపిస్తోంది?"

మాస్టారు మైక్రోస్కోపుకు కన్ను ఆనించి చాలాసేపు చూశారు. కిడ్నీ గొట్టాల గోడలో, కణాల మధ్య, నల్లగా సన్నగా ఏవో ఉన్నాయి.

"విరిగిన సూదుల్లా ఉన్నాయి డాక్టరమ్మా."

"నాకూ అలాగే ఉన్నాయి" అని ఆవిడ నెమ్మదిగా అంది. ఇంకో రోగి ముక్క కోయమంది. అందులోనూ ఉన్నాయి సూదులు. అలా నాలుగు నెలల్లో పద్దెనిమిది మంది రోగుల ముక్కలు, పద్దెనిమిది వేర్వేరు రోజుల్లో మాస్టారు కోశారు. పద్దెనిమిదింటిలోనూ ఉన్నాయి. ఆ జబ్బు లేనివాళ్ళ ముక్కలు ఇరవై, చివర్లో రెండే రోజుల్లో కోస్తే ఒక్కదాంట్లోనూ లేవు. ఇది వంశం జబ్బు కాదు, క్రిమి వల్ల వచ్చే జబ్బు, మందు బిళ్ళలతో నయం కావచ్చు అని ఆవిడ రాసి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది.

పెద్ద డాక్టరు చెడ్డమనిషి కాదు. ఆ సంగతి మాస్టారు తరవాత ఎన్నోసార్లు తనకు తానే చెప్పుకున్నారు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఒక సమావేశం పెట్టి తేల్చుకుందామన్నారు. పొడుగు బల్ల చుట్టూ ఎనిమిది మంది డాక్టర్లు, చివర చిన్న డాక్టరమ్మ. స్లైడ్లు తయారుచేసిన మనిషిని కూడా అడుగుదామని మాస్టారిని పిలిపించారు.

ఆ వారంలోనే ఆఫీసు గుమస్తా టీ దగ్గర కలిసి మాస్టారి చెవిలో ఒక మాట ఊదాడు. ఏళ్ళ తరబడి తాత్కాలికంగా పనిచేస్తున్న వాళ్ళలో ముగ్గురిని పర్మనెంటు చేస్తున్నారనీ, పేర్ల జాబితా పెద్ద డాక్టరు సంతకానికి వెళ్ళిందనీ, అందులో మాస్టారి పేరు ఉందనీ. "కాస్త ఒద్దికగా ఉండు గురూ" అని కూడా అన్నాడు. అంతే. బెదిరించినవాడు ఒక్కడూ లేడు. పెద్ద డాక్టరు ఆ జాబితా ఊసు ఎత్తనైనా లేదు. భయమంతా మాస్టారి కడుపులో పుట్టి అక్కడే పెరిగింది. ఇంట్లో రెండేళ్ళ కూతురు ఉంది, అద్దె ఇల్లు, ప్రతి మార్చికీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని భార్యాభర్తలు బిక్కుబిక్కుమంటూ గడపడం.

సమావేశంలో పెద్ద డాక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోమన్నారు. "ఇవి నీళ్ళ తొట్టిలోంచి వచ్చిన క్రిములేమో అని మా అనుమానం. నీ పనిని తప్పుపట్టడం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. తొట్టిలో నీళ్ళు రోజూ మార్చేవాడివా?"

మాస్టారు ఆ బల్ల చుట్టూ చూశారు. చిన్న డాక్టరమ్మ ధీమాగా ఉంది. ఆ ప్రశ్నకు జవాబు ఆవిడకు తెలుసు. ఆ భవనంలో తెలియనిది ఎవరికి?

"రోజూ అంటే..." అని ఆగి, "ఈ మధ్య పని ఒత్తిడి ఎక్కువైంది సార్. కొన్ని రోజులు మార్చి ఉండకపోవచ్చు" అన్నారు మాస్టారు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆయనకు ఒక క్షణం నమ్మకం కలగలేదు. అవతల ఎవరో కాగితం మీద రాసుకుంటున్నారు. పెద్ద డాక్టరు తల ఊపి, "నిజం చెప్పినందుకు సంతోషం" అన్నారు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. మాస్టారు లేచి బయటికి నడిచారు.

బయట వరండాలో చిన్న డాక్టరమ్మ ఆయన్ని అందుకుంది. తిడుతుందనుకున్నారు. తిట్టినా బాగుండేది.

"నిజంగానా మాస్టారూ? నీళ్ళు మార్చలేదా?"

"అన్ని రోజులూ ఎక్కడ గుర్తుంటాయమ్మా."

 ఆవిడ ఆయన మోచేతి మీద చెయ్యి వేసి, "పర్లేదు. మీరేం మనసులో పెట్టుకోకండి. మనుషులం కదా, మర్చిపోతాం" అంది. తప్పు చేసినవాడిని దెబ్బతిన్న మనిషి ఓదార్చింది.

పరిశోధన అక్కడితో మూసేశారు. మైనం దిమ్మలు కింది గదిలో బీరువాకెక్కాయి. పన్నెండు రోజులకు మాస్టారి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. భార్య ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివించుకుని, "ఇన్నాళ్ళకు మన మొర ఎవరో విన్నారండీ" అంది. ఆయన కడుపులో బాగాలేదని చెప్పి పడుకున్నారు. ఆరు నెలలకు చిన్న డాక్టరమ్మ ఉద్యోగం మానేసి, వేరే ఊళ్ళో పిల్లల ఆసుపత్రి పెట్టుకుందని విన్నారు. వెళ్ళేరోజు అందరికీ చెప్పి వెళ్ళింది. మాస్టారు మాత్రం ఆ పూట ఏదో పని కల్పించుకుని మందుల గోదాముకు వెళ్ళారు.

పదకొండేళ్ళు గడిచాయి. ఒకరోజు పరిశోధనాలయమంతా ఒకటే గుసగుస. ఎక్కడో దూరదేశంలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ కిడ్నీ జబ్బుకు కారణమైన క్రిమిని పట్టుకుని పరిశోధన పత్రం అచ్చువేయించారట. రెండు నెలల బిళ్ళలతో జబ్బు కుదురుతోందట. పెద్ద డాక్టరు అప్పటికి రిటైరై, పోయి కూడా మూడేళ్ళయింది. సమావేశంలో ఉన్న మిగతావాళ్ళు తలోదిక్కూ వెళ్ళిపోయారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పత్రం గురించి ఎవరు మాట్లాడినా మాస్టారు అక్కడి నుంచి లేచిపోయేవారు. అది ఈ క్రిమో మరో క్రిమో, ఎవరికి తెలుసు అని మనసుకు సర్దిచెప్పుకున్నారు. డాక్టరమ్మ చిరునామా కనుక్కోవడం అప్పుడు ఒక్క పూట పని. ఆ పూట ఆయనకు దొరకలేదు. ఆ తరవాత మరో పదిహేనేళ్ళలోనూ దొరకలేదు.

మాస్టారికి అరవై అయిదు నిండి ఇంటిపట్టున ఉంటున్న రోజులవి. కూతురు బడిలో సైన్సు చెబుతుంది. ఆదివారం పొద్దున వచ్చి, టీ తాగుతూ పేపరు తిరగేస్తోంది. వైద్యంలో ప్రపంచం మొత్తం మీద అన్నిటికన్నా పెద్దదిగా చెప్పుకునే బహుమతి ఈ ఏడాది ఎవరికి ఇచ్చారో మొదటి పేజీలో వేశారు. "కిడ్నీ జబ్బు క్రిమి కనిపెట్టినవాళ్ళకేనట నాన్నా. మీ పాత ఆఫీసులోనూ దీని మీదే కదా పని చేసేవాళ్ళు?" అంది.

పేపర్లో ఇద్దరు ముసలి శాస్త్రవేత్తలు భుజాలు కలిపి నవ్వుతున్నారు. వాళ్ళ పక్కన, వాళ్ళు తీసిన మొదటి స్లైడు ఫొటో ఉంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. గొట్టాల గోడలో విరిగిన సూదులు. పొరకు అడ్డంగా సన్నటి గీత ఒకటి ఉంది. కత్తికి పదును చాల్లేదు, డాక్టరమ్మకు కోసిచ్చిన స్లైడ్లే దీనికన్నా శుభ్రంగా ఉండేవి అని ముందు తోచింది. అలా తోచినందుకు వెంటనే చెప్పలేనంత సిగ్గేసింది. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమైంది నాన్నా?"

ఆ పూట మొదటిసారి ఆయన భార్యకూ కూతురికీ జరిగింది చెప్పారు.  రోజూ పిల్లలకు కళ్ళతో చూసిందే రాయండి అని చెప్పే కూతురు, తండ్రి ముఖం చూడలేక కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. భార్య మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, "ఆ కాగితం నాలుగుసార్లు చదివించుకున్నాను కదండీ" అంది. ఆ తరవాత, "వెళ్ళి ఆవిడకు చెప్పండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది, తెలుసు. అయినా వెళ్ళండి" అంది.

డాక్టరమ్మ ఊరికి బస్సులో నాలుగు గంటలు. ఆసుపత్రి మేడ కింద భాగంలో ఉంది. వసారా నిండా తల్లులు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, ఏడుపులు. కాంపౌండరు మాస్టారికి టోకెను ఇస్తూ, "బిడ్డ ఏదండీ?" అని అడిగాడు. బిడ్డ లేదంటే, "పిల్లలకే చూస్తారండీ ఇక్కడ" అన్నాడు. పాత పరిచయం అని చెప్పి ఒక మూల కూర్చున్నారు. ఇరవై రెండో నెంబరు పిలిచేసరికి రెండు గంటలయింది.

ఆవిడ జుట్టు నెరిసింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. ఆయన్ని చూసి ఒక్క క్షణం గుర్తుపట్టక, ఆ వెంటనే లేచి ఎదురొచ్చింది. నర్సును పిలిచి, "నాకు కోత నేర్పిన మాస్టారు ఈయనే. చెప్తుంటానే" అంది. టీ తెప్పించింది. భోజనం చేసి వెళ్ళాలంది. పేపరు చూశారా అని ఆవిడే అడిగింది. చూశానన్నారు. "నేనూ చూశాను. మంచి పని చేశారు వాళ్ళు" అంది ఆవిడ.

మాస్టారు టీ కప్పు బల్ల మీద పెట్టి, నిలబడి చెప్పారు. కూర్చుని చెప్పే మాటలా అనిపించలేదు.

"ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా. తొట్టిలో నీళ్ళు రోజూ మార్చాను. పద్దెనిమిది రోజులూ మార్చాను. ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నారని విని, భయపడి అలా అన్నాను."

ఆవిడ మెడలో ఉన్న స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టింది. దాని గొట్టాన్ని వేళ్ళతో తిన్నగా చేస్తూ కూర్చుంది. బయట ఒక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"నేను మీ మాట నమ్మాను మాస్టారూ" అంది చివరికి. "వాళ్ళెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. వాళ్ళకు పని తెలీదు. మీకు తెలుసు. మీరే అన్నారంటే నా కళ్ళే నన్ను మోసం చేశాయనుకున్నాను. మళ్ళీ కోసి చూద్దామని ఒకసారి అనిపించింది కూడా. దిమ్మలు బీరువాలోనే ఉన్నాయి కదా. మీరు చెప్పాక ఇంకేం చూస్తానని మానేశాను. వాళ్ళ పత్రం వచ్చినప్పుడు కూడా, మనవి తొట్టి క్రిములు, వాళ్ళవి అసలువి అనే అనుకున్నాను."

"అప్పుడైనా వచ్చి చెప్పాల్సింది."

"అవును" అంది ఆవిడ. ఆ మాటలో కోపం లేదు. ఆయన్ని ఊరడించే ప్రయత్నమూ లేదు.

మీకు రావలసిన బహుమతి నావల్ల పోయిందమ్మా అని మాస్టారు అనబోయారు. సగంలోనే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"బహుమతి సంగతి వదిలెయ్యండి. మనకు వచ్చేదో లేదో ఎవరు చెప్పగలరు? మీకు ఆ పద్దెనిమిది మందీ నెంబర్లు. ముక్కలు తీసేటప్పుడు పక్కన ఉన్నది నేను. పదకొండో నెంబరు బట్టలు కుట్టే అమ్మాయి. నా కోటు జేబు చిరిగి వేలాడుతుంటే, మంచం మీద కూర్చునే కుట్టిపెట్టింది. దానికి ఇరవై నాలుగేళ్ళు. అదేం వయసు చెప్పండి? మరుసటి ఏడు పోయింది. వాళ్ళ పత్రం వచ్చింది పదకొండేళ్ళకు. ఆ పదకొండేళ్ళూ ఎంతమందికి ఇది మీ వంశం జబ్బు, మేమేం చేయలేం అని చెప్పి పంపించి ఉంటారు?"

 ఇరవై ఆరేళ్ళుగా మాస్టారు ఒక మనిషికి చేసిన అన్యాయాన్నే మోస్తున్నాననుకున్నారు. ఆ బరువు వెనక ఇంకెందరో నిలబడి ఉన్నారని, వాళ్ళకు ముఖాలు ఉన్నాయని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

కాంపౌండరు తలుపు సందులోంచి తొంగిచూసి, ఇంకా తొమ్మిది మంది ఉన్నారని చెప్పాడు. ఆవిడ స్టెతస్కోపు మెడలో వేసుకుంది. లేచిన మాస్టారితో, "నాకు చెప్పారు, సరే. కాగితం మీద కూడా రాయండి. సంతకం పెట్టి పరిశోధనాలయానికి పంపండి. నా పేరు కోసం కాదు. అక్కడ ఫైల్లో ఇంకా అబద్ధమే ఉంది" అంది. భోజనం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయనా ఎదురుచూడలేదు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆవిడ ఎవరి పిల్లనో బుజ్జగిస్తున్న గొంతు వినిపించింది. చాలా మెత్తని గొంతు.

ఇంటికొచ్చి ఉత్తరం రాయడానికి ఆయనకు తొమ్మిది రోజులు పట్టింది. మొదటిసారి రాసినదాంట్లో పర్మనెంటు ఉత్తర్వు, గుమస్తా మాట, అద్దె ఇల్లు, పసిపిల్ల, అన్నీ వచ్చాయి. కూతురు చదివి, "ఇదంతా ఎందుకు నాన్నా?" అంది. ఆ రోజు తరవాత ఆయనతో ఆ అమ్మాయి ముఖాముఖి మాట్లాడటం అదే మొదలు. ఆయన అవన్నీ కొట్టేశారు. చివరికి ఆరు వాక్యాలు మిగిలాయి. ఏ ఏడు, ఏ సమావేశం, ఏమడిగారు, ఏం చెప్పాను, నిజమేమిటి, నావల్ల ఆగిపోయిన పని ఎవరిది. కింద పూర్తి పేరు, ఫోను నెంబరు రాసి సంతకం పెట్టారు. పరిశోధనాలయానికి ఒకటి, డాక్టరమ్మకు ఒకటి, రిజిస్టరు పోస్టులో పంపారు.

పరిశోధనాలయం నుంచి నెల తరవాత జవాబొచ్చింది. తమ ఉత్తరం అందినదనీ, పాత ఫైలులో చేర్చినామనీ రెండే వాక్యాలు. ఇప్పటి డైరెక్టరు ఎవరో కుర్రాడు, మాస్టారు పనిలో చేరేనాటికి ఇంకా పుట్టి ఉండడు. పేపర్లలో ఏమీ రాలేదు. బహుమతి ఇచ్చే సభ టీవీలో వస్తుంటే, మాస్టారు లేచి వెళ్ళకుండా చివరిదాకా చూశారు. ఆ ఇద్దరు ముసలివాళ్ళు పతకాలు అందుకుంటుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ దేశంలో ఒక మూల ఒకావిడ అప్పుడు ఏ పిల్ల గొంతులోకో టార్చి లైటు వేసి చూస్తూ ఉండి ఉంటుంది అనుకున్నారు.

ఉత్తరం పంపిన ఆరు వారాలకు, మధ్యాహ్నం పూట, డాక్టరమ్మ నుంచి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "చేరింది" అని ఒక్క మాట. పైన సంబోధన లేదు, కింద పేరు లేదు.  ఆయన దాన్ని భార్యకు చూపించారు.

"చేరింది అంది కదా. అంటే కోపం పోయినట్టేనంటారా?" అని అడిగింది భార్య.

"ఉత్తరం చేరిందని" అన్నారు మాస్టారు. "అంతవరకే."